పౌర సేవల వెబ్ అప్లికేషన్లు క్లౌడ్‌లోకి: ఏర్పాటు విధానం, పాటించవలసిన జాగ్రత్తలు

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ సేవలను ప్రజల ముంగిటికి చేర్చడంలో కంప్యూటర్ల వినియోగానికి తెలుగునాట పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. స్థిరాస్తి రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించిన ‘కార్డ్’ పథకం 1998లో, పలు బిల్లులను ఒకే కౌంటరులో చెల్లించే వీలు కల్పించిన ‘ట్విన్స్’ ప్రయోగం 1999లో, దాని విస్తృత రూపమైన ‘ఈ-సేవ’ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమయ్యాయి. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో ఆరంభమైన ‘మీ సేవ’ ధ్రువీకరణ పత్రాల జారీని ఆన్‌లైన్ బాట పట్టించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ ద్వారా సేవలు అందించే విధానం అమలులోకి వచ్చింది.

ఈ ప్రస్థానంలో కౌంటర్లు మారాయి, సాధనాలు మారాయి. అయితే సేవా కేంద్రానికి వెళ్లిన పౌరుడు వినవలసి వచ్చే ఒక మాట మాత్రం పూర్తిగా తొలగిపోలేదు. “సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి” అన్నదే ఆ మాట. కూలి మానుకొని వచ్చిన వ్యక్తికి అది ఒక రోజు సంపాదన. కళాశాలలో చేరికకు ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన విద్యార్థికి అది ఒక విద్యా సంవత్సరం కూడా కావచ్చు. ఒక వెబ్ అప్లికేషన్‌ను, దానికి ఆధారమైన వెనుకటి సేవను క్లౌడ్‌లో ఏ విధంగా నెలకొల్పాలన్నది ఈ దృష్టితో పరిశీలించవలసిన అంశం. ఇందుకు సంబంధించిన విధానాన్ని, వివిధ దశలలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

క్లౌడ్ అనగా

సొంత భవనంలో సర్వర్లను కొని, విద్యుత్తు, శీతలీకరణ, సిబ్బంది ఏర్పాట్లు చేసుకొనడానికి బదులు, మరొక సంస్థ నిర్వహించే డేటా కేంద్రాల నుంచి కంప్యూటర్ సామర్థ్యాన్ని అవసరమైన మేరకు, అవసరమైనంత కాలం నెట్‌వర్క్ ద్వారా పొందడమే క్లౌడ్ విధానం. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2011లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇందులో మూడు రకాల సేవలు ఉన్నాయి. మౌలిక సదుపాయాలను మాత్రమే అందించేది మొదటిది. ప్రోగ్రామ్‌ను అప్పగిస్తే నడిపే వేదికను అందించేది రెండవది. సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను అందించేది మూడవది. మొదటి దానిలో వినియోగదారుకు స్వేచ్ఛ ఎక్కువ, నిర్వహణ భారమూ ఎక్కువ. మూడవ దానిలో రెండూ తక్కువ.

భారత ప్రభుత్వం ‘మేఘరాజ్’ పేరిట క్లౌడ్ కార్యక్రమాన్ని చేపట్టగా, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం 2014లో జాతీయ క్లౌడ్ సేవలను ప్రారంభించింది. ప్రైవేటు సంస్థల క్లౌడ్ సేవలను ప్రభుత్వ శాఖలు వినియోగించుకొనేందుకు వీలుగా కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ ఆయా సంస్థలను పరిశీలించి ఆమోదిత జాబితాలో చేరుస్తున్నది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాద్‌లోను తన క్లౌడ్ ప్రాంతాలను ప్రారంభించింది. పౌరుల సమాచారాన్ని దేశం దాటనీయకుండానే రెండు వేర్వేరు నగరాలలో నిల్వ చేయగల అవకాశం దీనితో ఏర్పడింది.

అప్లికేషన్‌లోని భాగాలు

పౌరుడికి కనిపించే పేజీలు, ఫారాలు, బొత్తాలు వెబ్ అప్లికేషన్‌లోని ముందుభాగం. ఇవి బ్రౌజర్‌లో నడుస్తాయి. దరఖాస్తును స్వీకరించడం, అర్హతను పరిశీలించడం, రుసుమును నమోదు చేయడం వంటి పనులు వెనుకటి సేవ చేస్తుంది. దరఖాస్తుల వివరాలు డేటాబేస్‌లోను, జతపరచిన పత్రాలు, ఫొటోలు ప్రత్యేక ఫైళ్ల భాండారంలోను భద్రమవుతాయి.

ఈ భాగాలన్నింటినీ ఒకే యంత్రంపై ఉంచడం సులభం. అయితే అందులో ఏ ఒక్కటి దెబ్బతిన్నా మొత్తం సేవ నిలిచిపోతుంది. వేర్వేరుగా ఉంచినట్లయితే దేని అవసరాన్ని బట్టి దానిని విస్తరించవచ్చు. ముందుభాగంలోని ఫైళ్లు అందరికీ ఒకే విధంగా ఉంటాయి కనుక వాటిని దేశంలోని పలుచోట్ల ప్రతులు ఉంచే పంపిణీ వ్యవస్థ ద్వారా చౌకగా, వేగంగా అందించవచ్చు. వెనుకటి సేవ ప్రతులను రద్దీని బట్టి పెంచవచ్చు, తగ్గించవచ్చు. డేటాబేస్‌ను మాత్రం అంత తేలికగా పెంచడం సాధ్యం కాదు. దానిపై భారం పడకుండా చూడడమే మొత్తం రూపకల్పనలో కీలకం.

నెలకొల్పడానికి ముందు సన్నద్ధత

తయారుచేసిన వారి కంప్యూటర్‌లో చక్కగా పనిచేసిన అప్లికేషన్ క్లౌడ్‌లో తొలిరోజే మొరాయించడానికి కారణాలు సాధారణంగా చిన్నవే. వెనుకటి సేవ చిరునామాగా ‘లోకల్‌హోస్ట్’ అని ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంచడం వాటిలో మొదటిది. పౌరుడి బ్రౌజర్‌లో ఆ మాటకు అర్థం పౌరుడి సొంత యంత్రమే. కనుక అక్కడ సేవ దొరకదు. వెనుకటి సేవ తన యంత్రం లోపలి నుంచి వచ్చే పిలుపులను మాత్రమే స్వీకరించేలా ఉండిపోవడం రెండవది. ముందుభాగం ఒక డొమైన్‌పై, వెనుకటి సేవ మరొక డొమైన్‌పై ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య రాకపోకలకు అనుమతి ప్రకటించకపోవడం మూడవది. అట్టి అనుమతి లేనిదే వచ్చిన సమాధానాన్ని పేజీకి అందకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది.

ఈ దృష్ట్యా చిరునామాలు, సంకేతపదాలు, పరిమితులు వంటి మారగల వివరాలను ప్రోగ్రామ్ నుంచి వేరుచేసి, నడిచే చోట అందించే ఏర్పాటు ఉండాలి. ఒకే ప్రోగ్రామ్ పరీక్షా కేంద్రంలోను, అసలు కేంద్రంలోను మార్పు లేకుండా నడవాలి. ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన అన్ని ఉపకరణాలతో కలిపి ఒకే మూటగా కట్టే కంటెయినర్ విధానం ఇందుకు తోడ్పడుతుంది. 2013లో వెలువడిన డాకర్ ఈ విధానాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. అనేక కంటెయినర్లను నిర్వహించే కుబర్నెటిస్‌ను 2014లో గూగుల్ బహిరంగపరచింది.

పౌరుడు జతపరచిన పత్రాన్ని సర్వర్ సొంత డిస్కులో ఉంచరాదు. క్లౌడ్‌లో సర్వర్ ఏ క్షణంలోనైనా తొలగిపోయి, దాని స్థానంలో మరొకటి రావచ్చు. ఆ డిస్కుతోపాటు పత్రమూ పోతుంది. అందువలన పత్రాలను ఫైళ్ల భాండారంలోను, లాగిన్ వివరాలను ఉమ్మడి నిల్వలోను ఉంచాలి.

భాషకు, కాలమానానికి సంబంధించిన జాగ్రత్తలు

తెలుగులో సేవలందించే అప్లికేషన్‌కు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. పరిమాణం తగ్గించిన కంటెయినర్లలో సాధారణంగా తెలుగు ఫాంట్లు ఉండవు. తెరపై సక్రమంగా కనిపించిన పేరు, సర్వర్ తయారుచేసే ధ్రువీకరణ పత్రంలో వరుసగా ఖాళీ గళ్లుగా ముద్రితమవుతుంది. అవసరమైన ఫాంటును కంటెయినర్‌లోనే చేర్చి, ఒత్తులు, గుణింతాలు గల పేర్లతో ముద్రించి చూడాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు ఉంటాయి కనుక దానికి 12 బైట్లు కావాలి. పేరు పొడవును బైట్లలో లెక్కించే చోట ఆంగ్లానికి సరిపడిన స్థలం తెలుగు పేరుకు చాలదు.

క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని చూపుతుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఈ తేడాను సరిచేయనట్లయితే అర్ధరాత్రి ముగియవలసిన గడువు మరునాటి ఉదయం 5.30 గంటలకు ముగుస్తుంది. తెల్లవారుజామున సమర్పించిన దరఖాస్తుపై ముందురోజు తేదీ పడుతుంది. తేదీపై హక్కులు ఆధారపడే సేవలలో ఇది చిన్న పొరపాటు కాదు.

నెలకొల్పే క్రమం

తొలుత వేరుపడిన అంతర్గత నెట్‌వర్క్‌ను ఏర్పాటు చేసి, డేటాబేస్‌ను బయటి ఇంటర్నెట్‌కు కనిపించని భాగంలో ఉంచాలి. అనంతరం పట్టికలను సిద్ధపరచి, వెనుకటి సేవను కనీసం రెండు ప్రతులుగా, రెండు వేర్వేరు డేటా కేంద్రాలలో నడపాలి. వచ్చే పిలుపులను ఆ ప్రతులకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌ను వాటి ముందు నిలపాలి. ఒక్కొక్క ప్రతి పనిచేస్తున్నదీ లేనిదీ తెలిపే ఆరోగ్య తనిఖీ చిరునామా ఉండాలి. స్పందించని ప్రతికి పిలుపులు పంపడం దానంతట అదే ఆగిపోవాలి. చివరగా ముందుభాగం ఫైళ్లను పంపిణీ వ్యవస్థలో ఉంచి, డొమైన్ పేరును, సంకేతీకరణ సర్టిఫికెట్‌ను జతచేయాలి. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. దాని పునరుద్ధరణను ఒకరి జ్ఞాపకశక్తికి వదలక స్వయంచాలకం చేయాలి. సర్టిఫికెట్ గడువు తీరినట్లయితే సర్వర్లన్నీ సవ్యంగా ఉన్నప్పటికీ పౌరుడికి హెచ్చరిక పేజీయే కనిపిస్తుంది.

ఈ ఏర్పాటునంతటినీ తెరపై బొత్తాలు నొక్కి చేయడం కంటే, సంకేత రూపంలో ఫైళ్లుగా రాసి భద్రపరచడం మేలు. అధికారి బదిలీ అయినా, గుత్తేదారు మారినా ఏర్పాటు వివరాలు కార్యాలయం వద్దనే ఉంటాయి. అవసరమైతే అదే వ్యవస్థను మరొక నగరంలో తిరిగి నిర్మించవచ్చు.

రద్దీ రోజులకు సన్నద్ధత

పౌర సేవలలో రద్దీ ఏడాది పొడవునా సమానంగా ఉండదు. పదవ తరగతి ఫలితాలు వెలువడే ఉదయం లక్షలాది కుటుంబాలు ఒకే నిమిషంలో ఒకే పేజీని తెరుస్తాయి. దేశవ్యాప్తంగా 18 సంవత్సరాలు పైబడిన వారికి కోవిడ్ టీకా నమోదును 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు ప్రారంభించినప్పుడు కోవిన్ వేదికపై తొలుత అంతరాయాలు ఏర్పడ్డాయి. వ్యవస్థ తేరుకొని ఆ రోజు 1.3 కోట్లకు పైగా నమోదులను స్వీకరించగలిగింది. అమెరికాలో ఆరోగ్య బీమా వెబ్‌సైటు ‘హెల్త్‌కేర్ డాట్ గవ్’ 2013 అక్టోబరు 1న ప్రారంభమైన తొలి రోజున నమోదు పూర్తిచేయగలిగిన వారు ఆరుగురు మాత్రమే. భాగాలన్నింటినీ కలిపి తగినంతగా పరీక్షించకపోవడం ఆ వైఫల్యానికి ఒక ముఖ్య కారణమని తదుపరి విచారణలు తేల్చాయి.

రద్దీ పెరిగినప్పుడు సర్వర్ ప్రతులు వాటంతట అవే పెరిగే సదుపాయం క్లౌడ్‌లో ఉంది. అయితే దానిపై మాత్రమే ఆధారపడరాదు. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రత్యేకంగా మార్చనంత వరకు ఏకకాలంలో 100 అనుసంధానాలను మాత్రమే అనుమతిస్తుంది. వెనుకటి సేవ ఒక్కొక్క ప్రతి 20 అనుసంధానాలను తీసుకొనేలా ఉన్నట్లయితే, నాలుగు ప్రతుల వరకు ఇబ్బంది ఉండదు. ఐదవ ప్రతితో పరిమితి అంచుకు చేరుతుంది. ఆరవ ప్రతి సహాయానికి వచ్చి అడ్డంకిగా మారుతుంది. అనుసంధానాలను పంచుకొనే మధ్యవర్తి వ్యవస్థను ముందుగానే ఏర్పాటు చేసుకొనడం ఇందుకు పరిష్కారం.

ఫలితాల వంటి మారని సమాచారాన్ని ముందుగానే ఫైళ్లుగా సిద్ధం చేసి పంపిణీ వ్యవస్థలో ఉంచినట్లయితే డేటాబేస్‌పై భారమే పడదు. సంక్షిప్త సందేశాలు పంపడం, పత్రాలు ముద్రించడం వంటి పనులను వరుసలో చేర్చి, దరఖాస్తు స్వీకరణను ఆపకుండా వెనుక పూర్తిచేయవచ్చు. ప్రారంభానికి ముందే ఊహించిన రద్దీకి రెట్టింపు కృత్రిమ రద్దీని సృష్టించి పరీక్షించడం ఉత్తమం. నెట్‌వర్క్ మందగించినప్పుడు పౌరుడు చెల్లింపు బొత్తాన్ని రెండుసార్లు నొక్కడం సహజం. ప్రతి దరఖాస్తుకు ప్రత్యేక సంఖ్యను కేటాయించి, అదే సంఖ్యతో రెండవసారి వచ్చిన చెల్లింపును తిరిగి వసూలు చేయకుండా సేవను రూపొందించాలి.

మార్పులు, వెనుకకు మళ్లింపు

నిబంధనలు మారినప్పుడల్లా అప్లికేషన్ మారుతుంది. పాత ప్రతులను ఒక్కసారిగా ఆపి కొత్తవి ప్రారంభించడం వలన ఆ సమయంలో ఫారం నింపుతున్న వారి శ్రమ వృథా అవుతుంది. ఒక్కొక్క ప్రతిని మార్చుతూ పోవడం, కొత్త వ్యవస్థను పాతదాని పక్కనే నిలిపి రాకపోకలను మళ్లించడం, తొలుత కొద్దిశాతం పౌరులకు మాత్రమే కొత్త రూపాన్ని అందించి పరిశీలించడం అనే మూడు పద్ధతులు ఆచరణలో ఉన్నాయి. ఆపవలసిన ప్రతికి చేతిలోని పనిని ముగించే వ్యవధి ఇవ్వాలి. కుబర్నెటిస్‌లో ఈ వ్యవధి ప్రత్యేకంగా మార్చనంత వరకు 30 సెకన్లు.

కొత్త రూపంలో లోపం బయటపడినప్పుడు నిమిషాలలో పాత రూపానికి మళ్లగలగాలి. ఇందుకు డేటాబేస్ మార్పులే ప్రధాన ఆటంకం. ఒక గడిని తొలగించిన పిదప, దానిపై ఆధారపడిన పాత ప్రోగ్రామ్ పనిచేయదు. కనుక మొదట కొత్త గడిని చేర్చి, కొంతకాలం రెండింటినీ కొనసాగించి, పాతదాని అవసరం పూర్తిగా తీరిన తరువాతనే తొలగించడం క్షేమకరం. మార్పులను కార్యాలయ వేళల తొలి గంటలలో చేయడం, ఫలితాలు లేదా గడువుకు ముందు రోజులలో మార్పులను నిలిపివేయడం ఆచరించదగిన నియమాలు.

భద్రత, చట్టపరమైన బాధ్యతలు

క్లౌడ్ సంస్థ భవనాలను, యంత్రాలను కాపాడుతుంది. సమాచారాన్ని ఎవరు చూడవచ్చునన్నది నిర్ణయించే బాధ్యత వినియోగించుకొనే శాఖదే. ఫైళ్ల భాండారాన్ని పొరపాటున బహిరంగంగా తెరిచి ఉంచడం, సంకేతపదాలను ప్రోగ్రామ్‌తోపాటు భద్రపరచడం తరచుగా జరిగే తప్పిదాలు. ప్రతి ఉద్యోగికి, ప్రతి ప్రోగ్రామ్‌కు పనికి అవసరమైన మేరకే అనుమతులు ఇవ్వాలి.

కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ‘సెర్ట్-ఇన్’ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. వ్యవస్థల నమోదు చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచాలి. సర్వర్ల గడియారాలను నిర్దేశిత కాల ప్రమాణంతో సరిచూసి ఉంచాలి. పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, సమాచార భద్రతకు తగిన చర్యలు తీసుకొనే బాధ్యతను ఆ సమాచారాన్ని సేకరించే వారిపై ఉంచింది. ప్రభుత్వ అప్లికేషన్లను ప్రజలకు అందుబాటులోకి తెచ్చేముందు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన సంస్థలచే భద్రతా తనిఖీ చేయించడం ఆచారంగా ఉంది.

నిల్వ ప్రతులు, పునరుద్ధరణ

దక్షిణ కొరియాలోని దెజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న లిథియం బ్యాటరీల తరలింపు పనుల సమయంలో అగ్నిప్రమాదం సంభవించింది. 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. ప్రభుత్వోద్యోగుల పని పత్రాలను దాచిన ‘జీ-డ్రైవ్’కు వెలుపల నిల్వ ప్రతి లేకపోవడంతో సుమారు 858 టెరాబైట్ల సమాచారం నష్టపోయినట్లు వెల్లడైంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 2021 మార్చి 10న ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం దగ్ధమైనప్పుడు, నిల్వ ప్రతులను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకొన్న కొందరు వినియోగదారులు సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోయారు.

సమాచారం క్లౌడ్‌లో ఉన్నంత మాత్రాన సురక్షితమని భావించరాదని ఈ ఘటనలు తెలియజేస్తున్నాయి. నిల్వ ప్రతి వేరొక నగరంలో, వేరొక ఖాతాలో, సాధారణ సిబ్బంది తొలగించలేని విధంగా ఉండాలి. ఎంతసేపటి సమాచారం కోల్పోతే భరించగలం, ఎంతసేపటిలో సేవను తిరిగి నిలబెట్టాలి అన్న రెండు ప్రశ్నలకు సంబంధిత శాఖ ముందుగానే లిఖితపూర్వకంగా సమాధానం నిర్ణయించుకోవాలి. దినవారీ నిల్వ ప్రతి మాత్రమే ఉన్నట్లయితే ఒక రోజు దరఖాస్తులన్నీ పోవచ్చు. నిల్వ ప్రతి నుంచి వ్యవస్థను వాస్తవంగా తిరిగి నిర్మించే కసరత్తును నిర్ణీత వ్యవధిలో జరపాలి. ఒక్కసారైనా పునరుద్ధరించి చూడని ప్రతిని నమ్మదగిన ప్రతిగా పరిగణించలేము.

వ్యయ నియంత్రణ

వాడినంతకే చెల్లింపు అన్నది క్లౌడ్‌లోని ప్రధాన సౌలభ్యం. పరీక్షల కోసం ప్రారంభించి ఆపడం మరచిన సర్వర్లు, వెలుపలికి వెళ్లే సమాచారంపై పడే రుసుము, అవధి లేకుండా పేరుకొనే చిట్టాలు బిల్లును పెంచే అంశాలు. ప్రతి వనరుకు శాఖ పేరు, పథకం పేరు జతచేయడం, బిల్లు నిర్ణీత మొత్తం దాటినప్పుడు హెచ్చరిక అందేలా చూడడం, ప్రతుల పెరుగుదలకు గరిష్ఠ పరిమితి విధించడం ప్రజాధనం వృథా కాకుండా కాపాడతాయి.

ప్రారంభానికి ముందు పరిశీలించవలసినవి

సేవను ప్రజలకు అంకితం చేసేముందు బాధ్యులైన అధికారులు ఈ క్రింది అంశాలను స్వయంగా సరిచూసుకోవడం ఉపయుక్తం.

1. ఒక సర్వర్‌ను ఉద్దేశపూర్వకంగా ఆపినప్పుడు సేవ కొనసాగుతున్నదా?
2. పాత రూపానికి మళ్లించే ప్రక్రియను ఆచరణలో పరీక్షించారా?
3. నిల్వ ప్రతి నుంచి పునరుద్ధరణకు పట్టిన సమయం ఎంత?
4. తెలుగు పేర్లు, తేదీలు ముద్రిత పత్రాలలో సక్రమంగా ఉన్నవా?
5. రాత్రివేళ అంతరాయం కలిగితే సమాచారం ఎవరికి అందుతుంది, వారి తరువాత ఎవరికి?
6. సేవ నిలిచినప్పుడు పౌరుడికి కనిపించే పేజీలో తెలుగులో స్పష్టమైన వివరణ, అతని దరఖాస్తు స్థితి ఉన్నవా?

చివరి అంశం సాంకేతికంగా అతి చిన్నది. అయినప్పటికీ అంతరాయం పూర్తిగా తప్పని రోజున పౌరుడికి ఉపయోగపడేది అదొక్కటే. తన దరఖాస్తు చేరినదో లేదో తెలిసిన వ్యక్తి నిశ్చింతగా ఇంటికి వెళ్లగలడు. తెలియని వ్యక్తి మరునాడు కూడా పని మానుకొని కౌంటరు ముందు నిలబడవలసి వస్తుంది.